గడువులోపు మనిషి

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన నిమిషం కుదురుగా ఉండడు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, టీ తాగితే నాలుక కాలుతుంది. ఇంటికి రాగానే కంప్యూటర్‌లో కొత్త గేమ్ కొంటాడు. రెండు గంటలలోపు ఆడి వద్దంటే డబ్బు వాపసు ఇస్తారు. ఆ గడువు ముగిసేలోపే ఏదో వంక పెట్టి వెనక్కిచ్చేస్తాడు. "మీకు నచ్చే గేమ్ ఇంకా పుట్టలేదు" అంటుంది భార్య.

ఆ సాయంత్రం పడవ నడిపే గేమ్ ఆడుతున్నాడు. కొన్నాళ్ళుగా అడిగినదానికి తప్ప నోరు విప్పని కూతురు వచ్చి వెనక నిలబడింది. "అటు కాదు నాన్నా, రాళ్ళున్నాయి!" అంటూ కుర్చీ లాక్కుని మౌస్ అందుకుంది. ఇద్దరూ కలిసి పడవను ముంచేశారు. ఆమె పగలబడి నవ్వింది. గడువు దగ్గరపడిందని ఆయన చెయ్యి అలవాటుగా మౌస్ వైపు వెళ్ళింది, అక్కడ కూతురి వేళ్ళు కనబడగానే ఆగిపోయింది. "ఇదీ వెనక్కిచ్చేశారా?" అని వంటింట్లోంచి భార్య అడిగింది. "గడువు దాటిపోయిందే" అన్నాడు. కూతురు లేస్తూ, "రేపు నేను కాలేజీ నుంచి వచ్చేదాకా పడవ కదపకు" అంది. మర్నాడు ఆయన పెందలాడే ఇంటికొచ్చి గేమ్ తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. గేటు చప్పుడయ్యేదాకా గదిలో అటూ ఇటూ తిరిగాడు గానీ, పడవను మాత్రం ముట్టుకోలేదు.