కొత్త కాని మామిడి

రత్నాలు పాడేరు దగ్గరి కొండ ఊరికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు దాటింది. బొబ్బిలి వైపు నుంచి వచ్చి మామగారు పెట్టిన కిరాణా కొట్టు ఇప్పుడు ఆమె కొడుకు చేతిలో ఉంది. దేవతకు తొలికాయ పెట్టి మామిడికొత్త పండగ చేసేదాకా ఆ ఊళ్ళో ఎవరూ మామిడికాయ కొరకరు. ఉగాదేమో దానికంటే ముందే వచ్చి కూర్చుంటుంది. మామిడి లేని ఉగాది పచ్చడి ఏం పచ్చడి?

అందుకని రత్నాలు బొబ్బిలిలోని పుట్టింటినుంచి కాయలు తెప్పించి, తలుపులు బిగించి పచ్చడి కలిపేది. కొడుకు చిన్నప్పుడు తిని, నోరు పుక్కిలించుకుని మరీ ఆటకు పోయేవాడు. ఇటు ఆచారమూ పోలేదు, అటు ఊరూ నొచ్చుకోలేదు. గొప్ప తెలివే.

ఆ తెలివి ఇంటర్ చదివే మనవరాలు సౌందర్య దగ్గర చెల్లలేదు. ఆ పిల్ల పుట్టి పెరిగిందంతా ఇక్కడే. రత్నాలుకు ఈనాటికీ నోరు తిరగని, ఊరివాళ్ళ కువి భాష గడగడా మాట్లాడుతుంది. నిరుడు పచ్చడి ముట్టనంది. రత్నాలు కసిరితే ఒకటే అడిగింది.

"తప్పు కాదంతావు కదా మామ్మా, మరి తలుపేసుకుని ఎందుకు తింతన్నావు?"

ఆ మాట ఏడాది పొడుగునా రత్నాలు వెంట తిరిగింది.

ఈసారి ఉగాదికి తమ్ముడు దేవీప్రసాద్ సంచీ నిండా కాయలతో తనే దిగాడు. పుట్టింట ఆమెకు మిగిలింది అతనొక్కడే. కోపం వస్తే జన్మలో మాట్లాడని మనిషి; సొంత అన్నతో ఆయన పోయేదాకా మాట్లాడలేదు. కొట్టు అరుగుమీదే కత్తిపీట వేసుకుని కూర్చున్నాడు. లోపల తరుగుదామని రత్నాలు రెండుసార్లు బతిమాలింది. ఇదేమైనా దొంగసొత్తా అని అతను గదిమాడు. అంతలో ఊరిపెద్ద గాసి ఉప్పు కోసం వచ్చాడు. తరిగిన ముక్కలు చూశాడు. ఉప్పు అడక్కుండానే వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనుకుంది రత్నాలు.

దేవీప్రసాద్ పచ్చడి దొన్నె సౌందర్య చేతిలో పెట్టి తినమన్నాడు. పిల్ల కదల్లేదు. అతను కులం, గోత్రం, తాతముత్తాతలు అన్నీ ఎత్తాడు. నోట్లో పడేదాకా వదలనన్నాడు. పిల్లకు కళ్ళనీళ్ళు తిరిగాయి గాని నోరు తెరవలేదు.

రత్నాలు లేచి ఆ దొన్నె తీసుకుని తమ్ముడి ముందు పెట్టింది.

"ఆ గుంట తిందు. నేనూ తిన్ను. మాది ఈ ఊరు, నువ్వు సుట్టానివి, నీకు తప్పు నేదు. తిను."

అతని ముఖం నల్లబడింది. "నేను నీకు సుట్టాన్నేటి, అప్పా?" అన్నాడు.

ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే పిల్ల తినాలి. అతను అన్నం ముట్టకుండా మధ్యాహ్నం జీపెక్కాడు. రత్నాలు రోడ్డు దాకా వెంట నడిచి ఎన్నిసార్లు పిలిచినా అతను తల తిప్పలేదు. ఇక బొబ్బిలిలో తనకు కాలు పెట్టడానికి ఇల్లు లేదని తెలిసి రత్నాలు అక్కడే కూలబడి ఏడ్చింది.