వకీలు కోటు విప్పిన పేజీ

మా అవ్వ చనిపోవడానికి ఐదు రోజుల ముందు ఆమెకు నేనొక అబద్ధం చెప్పాను. ఈ సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. నాయినకు కూడా చెప్పలేదు.

దయ్యాలూ ఆత్మలూ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది శామీర్‌పేట. అవ్వ, అంటే నాయిన తల్లి, నలభై ఏళ్లు చెరువు చేపలను గంపలో పెట్టుకుని బస్సులో అల్వాల్ తీసుకెళ్లి అమ్మింది. ఆమెకు అక్షరం రాదు. పోయినేడు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టింది. ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు ఆసుపత్రివాళ్లు. అమ్మా నాయినా పనికి పోతే పగలంతా ఆమె దగ్గర నేనే. కండ్లకోయ కాలేజీలో చదువు ముగించి, ఉద్యోగం రాక ఇంట్లోనే ఉన్నాను.

నాకు కబుర్లు చెప్పడం చేతకాదు. అందుకని పుస్తకం చదివి వినిపించేదాన్ని. అల్వాల్‌లో పాత పుస్తకాల బండి మీద కొన్న డిటెక్టివ్ నవల అది. అట్ట ఊడిపోయింది. అందులో డిటెక్టివ్ ఒక వకీలు. ఒక ముసలాయన విషం కలిసిన పాలు తాగి చనిపోతాడు. కోడలి మీద కేసు పడుతుంది. ఆమె తరఫున వకీలు ఊరంతా తిరిగి ఆరా తీస్తుంటాడు.

అవ్వ ఆ కథలో మునిగిపోయింది. ఒకరోజు ముసలాయన తమ్ముడిని అనుమానించేది, ఇంకోరోజు వంటమనిషిని.

"గా వకీలుకు పెండ్లాం లేదా? ఇంటిపట్టున ఉండడేంది?" అనేది.

కోడలికి ఉరి పడుతుందేమోనని ఒక పూట అన్నం ముట్టలేదు. "నేను పొయ్యేలోపల గా పిల్ల బయటపడ్తదా లేదా? జల్ది సదువు," అని తొందరపెట్టేది.

ముందే చివర చూసే అలవాటు నాకు లేదు. తీరా అక్కడికి వచ్చేసరికి ఆఖరి పేజీలు లేవు. అవ్వ మొహం చూశాక ఆ మాట చెప్పలేకపోయాను. చదువుతున్నట్టే నటిస్తూ కల్పించాను. తమ్ముడే హంతకుడన్నాను, కోడలు విడుదలైందన్నాను. అవ్వ కళ్లు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మందులకు వెళ్లి పావుగంటలో తిరిగొచ్చాను. వెళ్లేటప్పుడు కుర్చీ గోడ పక్కన ఉంది, దాని మీద మడతపెట్టిన బట్టలున్నాయి. వచ్చేసరికి కుర్చీ మంచానికి ఆనించి ఉంది. బట్టలు మడత చెదరకుండా కింద చాప మీద ఉన్నాయి.

"నల్లకోటాయన వచ్చిండు బిడ్డా. మిగిలింది సదివి పోయిండు," అంది అవ్వ. "నీ లెక్క నసుగలే. మంచిగ ఇనవడ్డది."

ఏం చదివాడని అడిగాను.

"తమ్ముడు గాదు, ముసలోడే కలుపుకొని తాగిండు. వకీలుకు ముందుగాలనే ఎర్కే. ఎవ్వలకు చెప్పనని ముసలోనికి మాటిచ్చిండట. పిల్లకు ఉరి పడేటట్టున్నదని కోర్టుల కోటిప్పి బల్ల మీద పెట్టి, అప్పుడు నోరిప్పిండు."

మా గడప ముందే పక్కింటి రజియా చాచీ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఆమెను అడిగాను.

"ఎవ్వరు రాలే బేటీ. నువ్వు పోయినకాడికెల్లి నేనీడనే ఉన్న," అంది.

మా ఇంటికి వేరే తలుపు లేదు. మందుల మత్తులో కల వచ్చిందనుకున్నాను. అయినా ఆ సాయంత్రమే అవ్వ మాటలను అన్నవి అన్నట్టు డైరీలో రాసుకున్నాను.

అవ్వ పోయిన ఏడు నెలలకు, యాప్రాల్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పుస్తకాలు బయట పెట్టారు. వాటిలో అదే నవల కనిపించింది, మొత్తం పేజీలతో. ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని చివర తెరిచాను. ముసలాయన తనే విషం కలుపుకున్నాడు. వకీలు ఆ నిజం చెప్పే ముందు నల్లకోటు విప్పి బల్ల మీద పెడతాడు. మాట తప్పినవాడికి ఆ కోటు తగదంటాడు.

ఇంటికొచ్చి డైరీ పక్కన పెట్టుకుని చూశాను. తేడా లేదు.

ఎప్పుడో బస్సులో ఎవరైనా అవ్వకు ఈ కథ చెప్పి ఉండొచ్చు. కానీ ముగింపు తెలిసిన మనిషి అన్నం మానేస్తుందా? కుర్చీ ఎవరు జరిపారు? నాకు తెలియదు.

పేజీలు లేవని నేను అవ్వకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నల్లకోటాయన సంగతి చెప్పిన నాలుగో రోజు పొద్దున, చెంచాతో నీళ్లు తాగిస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మాట పడిపోయింది. సాయంత్రానికి ప్రాణం పోయింది. నాతో ఆఖరిగా అన్నది ఇది:

"ఇంకోపారి కొనేటప్పుడు ఎనుక పేజీలున్నయా లేవా సూస్కొని కొను బిడ్డా."