డ్రమ్ములకు అడ్డం నిలబడినవాడు

కర్నూలులో బస్సెక్కి, ఒక విదేశీ రాక్ బ్యాండ్ కచేరీ కోసం బెంగళూరు స్టేడియానికి వెళ్లి రెండేళ్లు దాటింది. గేటు దగ్గర నా నీళ్ల సీసా లాక్కుని చెత్తబుట్టలో పడేసినవాడి మొహం నాకింకా గుర్తే. సీటు కూడా స్తంభం పక్కనే ఇచ్చారు.

అవన్నీ ఓర్చుకుని కూర్చున్నది చివర్లో డ్రమ్ములు ఒంటరిగా మోగే ఘట్టం కోసం. తీరా అది మొదలవగానే, మా వైపు తిరిగి కాపలా కాయాల్సిన సెక్యూరిటీ గార్డు వేదిక వైపు తిరిగి, టోపీ తీసి, నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమప్పా, టికెట్టు కొనింది నేనా, నువ్వా? పక్కకు జరుగు," అన్నాను కోపంలో మా కర్నూలు యాసలోనే.

అతను వెనక్కి చూశాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"మీది మా సైడేనా అన్నా? నాది కోసిగి. మా ఊర్లో ఎవరు సచ్చినా మా నాయనే తప్పెట కొడతాండె. పోయిన నెల ఆయనే పాయ. ఇంగ కొట్టేవాళ్లు లేరు. నేనుండింటే నేనే కొట్టింటి. ఈడ్నుంచి నేను పోయేలోపల మన్ను పోసినారు. సప్పుడు లేకనే పాయ మా నాయన. ఇది అయిపోయేదాకా నిలబడనీ అన్నా."

మా వైపు ఎంత పేదవాడి శవమైనా తప్పెట లేకుండా లేవదు.

నేను లేచి అతని పక్కన నిలబడ్డాను. కూర్చోమని వెనకవాళ్లు కన్నడంలో, ఇంగ్లీషులో తిట్టారు. వాళ్లూ నాకు గుర్తే. డ్రమ్ములు ఆగేదాకా మేమిద్దరం కదల్లేదు. ఆగాక అతను టోపీ పెట్టుకుని మళ్లీ జనం వైపు తిరిగాడు.