మల్లీశ్వరి కలిపేసిన పేర్లు

మా మల్లీశ్వరికి కోపం వస్తే మౌస్ చప్పుడు కూడా మారిపోతుంది. తాండూరులో నాపరాళ్ల మీద పేర్లు, పూలతీగలు చెక్కే దుకాణం మాది. మాదంటే నర్సింహులు సేటుది. నా పేరు బాల్‌రాజ్, చెక్కే మిషన్ నేను నడుపుతాను. కంప్యూటర్ మీద డిజైన్లు గీసేది మల్లీశ్వరి. రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వస్తుంది.

ఆమెది పూడూరు దగ్గర గొర్లు కాసే ఇల్లు. పదో తరగతి కాగానే "చదివింది సాలు, మందెనక పో" అన్నారట. పోయింది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి గొర్లను తమ్ముడికి అప్పజెప్పి, వికారాబాద్‌లో పెండ్లి పత్రికలు చేసే దుకాణంలో కూర్చుని పని నేర్చుకుంది. పత్రికలో చోటు చాలకపోతే అక్కడ మొదట ఎగిరిపోయేది తల్లుల పేర్లే. "జాగ లేదు" అనే మాట విని విని ఆమెకు ఒళ్లు మండేది. మా దగ్గరికి వచ్చిన రోజు సేటు, "ఆడపిల్లవు, రాళ్ల పని నీకెందుకు?" అన్నాడు. "నేను మోస్తనంటున్ననా సేటూ? గీస్త అంటున్న" అంది. ఇంకేం మాట్లాడతాడు!

మా పని సంగతి కొంచెం చెప్పాలి. కంప్యూటర్‌లో డిజైన్ పొరలు పొరలుగా ఉంటుంది. తీగ ఒక పొర, అంచు ఒక పొర, ఒక్కో పేరు ఒక్కో పొర. ఏది వద్దంటే దాన్ని తీసేయొచ్చు, మిగతావాటికి ఏమీ కాదు. కానీ మిషన్‌కు ఈ పొరలు తెలియవు. అలాగే పంపితే గీత మీద గీత కోసి రాయిని నాశనం చేస్తుంది. అందుకే చివర్లో ఒక బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే అన్నిటినీ కలిపి ఒకే గీత చేస్తుంది. ఆ తర్వాత దేన్నీ విడిగా తీయలేం. గిరాకీ సరే అన్నాకే కలపాలని, పొరలున్న ఫైలు వేరే దాచాలని సేటు రూలు.

పోయిన ఎండాకాలం కరణ్‌కోట నుంచి గోవిందమ్మ వచ్చి, కొత్తింటి గుమ్మం మీదికి రాయి కావాలంది. మొగుడు పాండు, తను, కొడుకు శ్రీకాంత్, ముగ్గురి పేర్లూ ఉండాలంది. పాండు పోయేనాటికి శ్రీకాంత్ ఇంకా పాకుతున్నాడు. ఆమె గనుల్లో రాళ్లు మోసి కొడుకును చదివించింది, ఇల్లు కట్టింది. నాకు తెలుసు, నేనూ అదే గనిలో పనిచేశాను.

డిజైన్ చూడటానికి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. శ్రీకాంత్ తెర వైపు చూసి మూతి ముడిచాడు.

"అక్కా, గా అమ్మ పేరు తీసెయ్. గుమ్మం మీద ఆడోళ్ల పేరేంది? దోస్తులు నవ్వుతరు."

నాకు చెయ్యి దురద పెట్టింది. మల్లీశ్వరి మాత్రం వాడి మొహం కూడా చూడలేదు.

"పెద్దమ్మా, ఇల్లు నీది. నువ్వు జెప్పు. ఉంచాల్నా, తియ్యాల్నా?"

గోవిందమ్మ కొడుకును చూసింది. కొంగు సర్దుకుంది. "ఉండాలె బిడ్డా" అంది మెల్లగా.

"నీకు తెల్వదు, ఊకో అమ్మా! ఒక్క బటన్ నొక్కితే అయిపాయె గదక్కా!"

"ఔ తమ్మీ, ఒక్క బటనే" అని మల్లీశ్వరి నొక్కింది.

తీయలేదు, కలిపేసింది! మూడు పేర్లూ, వాటిని చుట్టుకున్న తీగా ఒకే గీత అయిపోయాయి. పొరలున్న ఫైలును వేరే దాచకుండా దాని మీదే దాచి, మూసి, మళ్లీ తెరిచి చూపించింది.

"ఇగ తియ్యి సూద్దాం. అమ్మ పేరు తీస్తే తీగ తెగుతది. తీగ తెగితే మీ నాయిన పేరు సగం పోతది, నీది కూడ."

సేటు కుర్చీలోంచి లేచాడు. "దిమాక్ ఉందా నీకు? మళ్ల మొదటికెల్లి గియ్యి!"

"గియ్య."

"పనిలకెల్లి తీసేస్త!"

"తియ్యి సేటూ. గీ రాయి అయినంక పోత."

ఫైలు నా మిషన్‌కు వచ్చేసింది. సేటు నన్ను ఆపమని అరిచాడు. అరిస్తే అరవనీ! నేను మిషన్ మొదలుపెట్టాను. ఆ చప్పుడులో ఆయన అరుపులు ఆయనకే వినపడలేదు. తీసేస్తానని సేటు ఇప్పటికీ అంటూనే ఉన్నాడు, ఆమె ఇప్పటికీ వస్తూనే ఉంది.

రాయి తయారయ్యాక శ్రీకాంత్, "నేను తీస్కపోను, ఈడనే పడేయుండ్రి" అన్నాడు. గోవిందమ్మకు చదువు రాదు. మల్లీశ్వరి ఆమె వేలు పట్టుకుని, చెక్కిన అక్షరాల్లో మొదటి నుంచి చివరి దాకా నడిపించింది. గోవిందమ్మ కొంగుతో దుమ్ము తుడిచి కొడుకు వైపు తిరిగింది. ఈసారి గొంతు మెల్లగా లేదు.

"గిన్నేండ్లు గిసుంటి రాళ్లు నెత్తి మీద మోసి నిన్ను సాదిన. గీ ఒక్క రాయి నువ్వు మొయ్యి."

శ్రీకాంత్ వంగి రాయి ఎత్తాడు.

"పైలం తమ్మీ" అంది మల్లీశ్వరి, "మీ అమ్మ పేరు దిక్కే బరువెక్కువ."