సున్నా కింది సగం

మైదుకూరులో బోరు మోటార్లకు సేఫ్టీ బోర్డులు తయారుచేసే షెడ్డులో నేను మూడేళ్లు పనిచేశాను. వోల్టేజీ మరీ పెరిగినా, మరీ తగ్గినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా బోర్డే మోటారును ఆపెయ్యాలి. మా బోర్డు ఉండగా మోటారు కాలితే, తీగ మళ్లీ చుట్టించే రీవైండింగ్ ఖర్చు మాదే అని రసీదు మీద అచ్చేసి మరీ అమ్మేవాళ్లం.

అక్కడికి ఇంజనీరునంటూ దిగాడు ఓనరు అల్లుడు. మెడలో ఐడీ కార్డొకటి! ఆరుగురం ఉండే షెడ్డులో ఎవరికి చూపించుకోవడానికో. సోల్డరింగ్ కడ్డీని వేడి కొసన పట్టుకుని బొబ్బలు తెచ్చుకున్న మనిషి, నా సర్క్యూటుకు వంకలు పెట్టాడు.

లైను కరెంటు మా బోర్డును నేరుగా తాకకుండా, మధ్యలో బుల్లి ట్రాన్స్‌ఫార్మరున్న సెన్సరుతో వోల్టేజీని కొలుస్తాం. దాని సిగ్నలు సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ సిగ్నలును సర్దే ఆప్-ఆంప్ చిప్పుకు మేమిచ్చేది ఒక్క ఐదు వోల్టుల సప్లయే. సున్నా కంటే కింద ఏముందో దానికి తెలియదు. అందుకే రెండు రెసిస్టర్లు పెట్టి, సిగ్నలు మొత్తాన్నీ రెండున్నర వోల్టుల మీదికి ఎత్తి కూర్చోబెట్టేదాన్ని. అప్పుడు పైసగమూ కిందిసగమూ రెండూ కనిపిస్తాయి. డిప్లొమా పిల్లలకు కూడా తెలిసిన సంగతి.

ఆ మహానుభావుడు వాటిని పీకించాడు.

“సగం మొగం చూసి మనిషిని గుర్తుపట్టమా ఏంది? పైసగం కొలిచి రెండుతో గుణిస్తే సరిపోతాది.”

ఓనరు మురిసిపోయాడు.

“సున్నా కిందికి ఎక్కువ లాగితే ఆ చిప్పు తిక్కతిక్కగా చేస్తాది సార్. అవుట్‌పుట్టు ఉన్నట్టుండి పైకి ఎగురుతాది,” అన్నాను.

“టేబులు మీద బాగనే చూపిస్తాండాది కదమ్మా! ఆయప్ప నీకంటే శానా చదివినోడు,” అన్నాడు ఓనరు.

చదివాడట, వాడి చదువు తగలెయ్య! నేను నోరు మూసుకుని, రెండు రెసిస్టర్లు తక్కువగా బోర్డులు చేసుకుంటూ కూర్చున్నాను.

ఎండాకాలంలో బద్వేలు వైపు పల్లె నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకొచ్చాడు. ఆయనకు రెండెకరాల చీనీతోట, అదే బత్తాయి. ఐదేళ్లు పెంచితే తొలి కాపు మీదున్న చెట్లు. ఉన్నది ఒకటే బోరు, సొంతంగా మోటారు చుట్టించుకునే శక్తి లేదు. మేం చుట్టిస్తే తోట బతుకుతుంది, లేదంటే చెట్లు పొయ్యిలోకే.

“పక్క చేన్లల్లో మోటార్లు ఆపినప్పుడల్లా మీ బోర్డు ఊరికే ట్రిప్పయి మోటారు ఆపేస్తాండె సార్. చెట్లు వాడిపోతాంటే చూడలేక బోర్డును తప్పించి వైరు కలిపి డైరెక్టు చేసుకుంటి. నిన్న ఒక ఫేజు పోయె, మోటారు కాలిపాయ.”

పక్క మోటార్లు ఆగితే వోల్టేజీ పెరుగుతుంది. పెరిగితే సిగ్నలు సున్నా కిందికి ఇంకా దిగుతుంది, చిప్పు తిక్క చేస్తుంది, బోర్డు మోటారును ఊరికే ఆపేస్తుంది. నేను ఏం చెప్పానో అదే జరిగింది. అల్లుడికి అర్థమైతే కదా! ఐడీ కార్డు సర్దుకుని, “బైపాస్ చేసినోళ్లకు గ్యారంటీ లేదు,” అన్నాడు. “అంతేనప్పా,” అన్నాడు ఓనరు.

రైతు నావైపు తిరిగాడు. “బోర్డులు చేసేది నువ్వంట కదమ్మా. నువ్వు చెప్పు. ఈ బోర్డు మంచిదేనా?”

ఓనరు నా మొహంలోకి చూస్తున్నాడు. అల్లుడు ఫోన్లోకి చూస్తున్నాడు. ఆ ఇద్దర్నీ లోలోపల రోజూ తిట్టుకునేదాన్ని నేను. బోర్డుదే తప్పు అని ఒక్క మాట అంటే చాలు.

“డైరెక్టు చేసుండకూడదన్నా,” అన్నాను.

అందులో అబద్ధం లేదు. అంత తెలివిగా ఏరుకున్నాను ఆ మాటను, థూ!

“నిజమేలేమ్మా. నువ్వు కష్టపడి చేసిన బోర్డును నేనే పాడుచేసుకుంటి. ఏమనుకోవద్దు,” అన్నాడు రైతు. మోటారును మళ్లీ ఆటోలోకి ఎక్కించడానికి ఒక చెయ్యి వెయ్యమని నన్నే అడిగాడు. రెండో కొస నేనే పట్టుకున్నాను.