మంచం కింద పెట్రోలు

మా అత్తగారు పోయారు. ఆదివారం ఆరాధనకు తయారవుతూ, కుచ్చిళ్లు సర్దుకుంటూనే కూలబడిపోయారట. నేను గరాచర్మలో మా అక్క ఇంట్లో ఉన్నాను. ఫోన్ రాగానే బస్సు పట్టుకుని డాలీగంజ్‌లో మా ఇల్లు చేరేసరికి ఇంటి నిండా జనం. బాధ పడకుండా పోయారని అందరూ అంటున్నారు. ఆవిణ్ణి ఆవిడ మంచం మీదే పడుకోబెట్టారు. ఆ మంచం చూడగానే నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు సంగతి దాచి ఆవిణ్ణి తలుచుకోవడం నావల్ల కాదు.

ఉత్తరాంధ్ర తీరం నుంచి చిన్నప్పుడే వాళ్ల నాన్న వెంట ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన మనిషి. ఇక్కడ తెలుగు చర్చి లేని రోజుల్లో ఎవరింటి వసారాలోనో కూర్చుని పాటలు పాడినవాళ్లలో ఒకరు. మా అమ్మాయి హిందీలో కథ అడిగితే తెలుగులో చెప్పేవారు. అది హిందీలో పోట్లాడేది. చర్చికి బయల్దేరి గడప దిగాక, గ్యాస్ కట్టేశామో లేదో చూడ్డానికి మళ్లీ లోపలికి వెళ్లేవారు. మేం మొదటి పాటకు అందుకున్న ఆదివారం నాకు గుర్తులేదు. నేను విసుక్కుంటే, "కాలితే ఎవరిల్లమ్మా?" అని నవ్వేసేవారు.

మా దీవుల్లో బియ్యం దగ్గర్నుంచి పెట్రోలు దాకా ఓడలోనే రావాలి. సముద్రం బాగోక ఓడ ఆగితే బంకుల ముందు బారులు. అందుకని తుఫాను కబురు వినగానే మా సందులో అందరం చేసే మొదటి పని, డబ్బాలు పట్టుకుని బంకుకు పరుగెత్తడం. మా ఆయనకు ఆటో. పక్కింటి బాబాయికి ఇంజను పడవ. ఎదురింటి కొట్టుకు జనరేటరు. బయట పెడితే తెల్లారేసరికి మాయం, కాబట్టి మంచం కిందే. మా ఇంట్లో ఎత్తైన మంచం అత్తగారిది. తుఫానుకు జాగ్రత్త పడుతున్నామనుకుంటూ ముసలావిణ్ణి పెట్రోలు మీద పడుకోబెట్టాం.

సునామీ వచ్చిన కొన్నేళ్లకు, విపత్తులకు వార్డు ప్లాను తయారు చేయడానికి ఒక ఆఫీసరు వచ్చి చర్చి హాల్లో మీటింగు పెట్టారు. మీ సందుకు ఏ ప్రమాదాలున్నాయో చెప్పమంటే పోటీలు పడి చెప్పాం. భూకంపం, తుఫాను, పెద్ద అల. మనుషుల చేతుల మీదుగా వచ్చేవి కూడా చెప్పండన్నారాయన. ప్రతి ఆదివారం అదే హాల్లో మేం పాపులమని కళ్లు తుడుచుకునేవాళ్లమే, ఇంట్లో డబ్బా ఉందని చెప్పడానికి ఒక్కరికీ నోరు పెగల్లేదు. అప్పుడు మా అత్తగారు లేచారు.

"ముందు మా ఇల్లు రాసుకో భయ్యా. నా మంచం కింద పెట్రోలుంది. అలొస్తే దేవుణ్ణి అడుగుతాం. ఇది అంటుకుంటే ఆయన్నేటని అడుగుతాం?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకెవరైనా లేస్తారేమోనని ఆఫీసరు కాసేపు చూశారు. ఎవరూ లేవలేదు. పక్కింటి బాబాయి తన ఇంట్లో చుక్క కూడా లేదన్నాడు. ఆ పొద్దునే మా ఆయనతో కలిసి డబ్బాలు మోసుకొచ్చిన మనిషి! చివరికి ఆ ప్లానులో మా సందు నుంచి ఎక్కింది మా ఇల్లొక్కటే. చాలా రోజులు సందులో మాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

పెరటి చివర గాలాడేలా రేకుల షెడ్డు ఒకటి వేసి తాళం పెడితే, సందులో అందరి డబ్బాలూ అందులోనే ఉంచొచ్చని ఆవిడ కోరిక. వానలు తగ్గాక చూద్దామన్నాడు మా ఆయన. వానలు తగ్గాయి, ఆటో రిపేరుకొచ్చింది, మళ్లీ వానలొచ్చాయి. "నువ్వైనా సెప్పు ఆడికి," అని నన్నడిగారు. చెప్తానన్నాను. ఉన్న డబ్బు షెడ్డుకు పెట్టి ఆటో ఆగితే ఇల్లు ఎలా గడుస్తుందని నాలో నేనే లెక్కలేసుకుని ఊరుకున్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు. మంచం పక్క కిటికీ మాత్రం ఎంత వానలోనూ మూయనిచ్చేవారు కాదు. తలగడ తడిసినా సరే.

ఆవిడ పోయిన వారం కూడా ఓడ రాలేదు. శవపెట్టె తెచ్చాక, చోటు చాలక మంచం పక్కకు లాగారు. కింద డబ్బా ఒకటి ఒరిగి మూత ఊడింది. గదంతా పెట్రోలు. ఉన్న డబ్బాలన్నీ వానలోకి మోశారు. చేతికందిన గుడ్డతో తుడిచాం, తలుపులన్నీ బార్లా తీశాం. వాసన పోలేదు. చర్చి అయ్యగారు పెట్టె తలవైపు కొవ్వొత్తులు నిలబెట్టి అగ్గిపెట్టె తీశారు.

"వద్దయ్యగారూ," అన్నాడు పక్కింటి బాబాయి.

అయ్యగారు అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని పాట ఎత్తుకున్నారు. అందరం తలలు వంచుకునే పాడాం. పెట్టె మూసేదాకా ఆవిడ తలకు అటొకటి ఇటొకటి, తెల్లటి వత్తులతో, ఆ కొత్త కొవ్వొత్తులు వెలగకుండానే నిలబడి ఉన్నాయి.