చప్పుడు లేని పెట్టె

అక్క ఇంట్లోనే పుస్తకాల పేజీలు కూర్చేది. బొమ్మల్నీ అక్షరాల్నీ కంప్యూటర్లో అమర్చి, అచ్చుకు సిద్ధం చేసి పంపడం ఆమె పని. ఇల్లంటే ఒక గది, దానికో వంటిల్లు. గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల, గోడవారగా తమ్ముడి మంచం.

తమ్ముడు అద్దకం మిల్లులో బాయిలరు చూసుకునేవాడు. ఒక పొద్దున అది పేలింది. బాయిలరు గదిలో ఉన్న ఇద్దరు పోయారు. అప్పుడే బయటికొచ్చిన తమ్ముడు బతికాడు. అరచేతుల మీది కాలిన పుళ్ళు మానాయి గానీ, మనిషి మాత్రం తేరుకోలేదు. పనికి పోడు, గడప దాటడు. పలకరిస్తే ఆ అంటే ఆ, ఊ అంటే ఊ.

కంప్యూటరు చప్పుడైతే అసలే పడేది కాదు. పెద్ద బొమ్మ తెరిచినప్పుడల్లా లోపలి చిన్న ఫ్యాను రయ్యిమని అందుకునేది. అంతే, చెవులు మూసుకుని గోడకు అంటుకుపోయేవాడు.

“ఆపక్కా! నీకు దండం పెడతా, ఆపెయ్!”

ఆపేసేది. పని కూడా ఆగేది. అచ్చాఫీసు వాళ్ళకు ఇవాళా రేపూ అని చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టి, చివరికి కంప్యూటర్ సామాన్ల దుకాణానికి వెళ్ళింది.

“చప్పుడు చెయ్యని కంప్యూటర్ కావాలండీ. అస్సలు వినపడకూడదు.”

దుకాణదారు అద్దాల తలుపుతో, రంగురంగుల దీపాలతో తళతళలాడే క్యాబినెట్ ఒకటి ముందు పెట్టాడు.

“ఇది వాడ్డానికా అండీ, చూస్తూ కూర్చోడానికా?” అంది.

అతను నవ్వి, లోపల బాగా వేడెక్కే ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరిచే సరంజామా చూపించాడు. “నీళ్ళు మేడం. ఇంతకన్నా మెత్తగా ఏముంటుంది?”

ఆన్ చేసి ఉన్న ఆ సరంజామా దగ్గర ఆమె చెవి పెట్టింది. “లోపల దోమ దూరినట్టుందే!”

“అది నీళ్ళు తిప్పే పంపు. మామూలుగా ఎవరికీ వినపడదు.”

“మావాడికి వినపడుతుంది.”

అతని నవ్వు తగ్గిపోయింది. కుర్చీ లాగి కూర్చోబెట్టి, సంగతంతా విన్నాడు. చిన్న ఫ్యాను వేగంగా తిరగాలి కాబట్టే అరుస్తుందనీ, పెద్దది నెమ్మదిగా తిరిగినా అంతే గాలి ఇస్తుందనీ చెప్పాడు. నాలుగువైపులా మూసేసిన క్యాబినెట్ చప్పుడుతో పాటు వేడినీ పట్టి ఉంచుతుందట. అందుకని ముందువైపు జల్లెడలా ఉన్న వెడల్పాటి క్యాబినెట్ తీసుకుంది. ప్రాసెసర్ మీదికి రేకుల దొంతరతో, పెద్ద ఫ్యానుతో, దాన్ని చల్లబరిచే ఇటుకంత కూలర్ తీసుకుంది.

ఇంటికొచ్చి నేల మీద పరుచుకుని బిగించడం మొదలుపెట్టింది. తమ్ముడు మంచం మీంచి చాలాసేపు చూశాడు.

“వేడిగాలి ఎటు పోతుందక్కా?”

పేలుడు తర్వాత తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టి అతని వైపు తిరిగింది. అతను దిగొచ్చి పక్కన కూర్చున్నాడు. “ముందునుంచి చల్లగాలి రావాలి, వెనకనుంచి వేడి పోవాలి. నువ్వు పెట్టినట్టు ఎదురెదురు పెడితే లోపలే సుడి తిరుగుతుంది.” వెనక ఫ్యాను విప్పి, తిప్పి బిగించాడు. అక్కకు కడుపు నిండినట్టయింది.

స్విచ్ వేశారు. దీపం వెలిగింది తప్ప ఏ అలికిడీ లేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా బరువైన బొమ్మ తెరిచింది. ఉలుకూ పలుకూ లేదు. నవ్వుతూ వెనక్కి తిరిగింది.

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పిలుస్తున్నారక్కా.”

“ఎవర్రా?”

“వాళ్ళిద్దరూ.”

అప్పుడు చెప్పాడు. ఆ పొద్దున ముందు బాయిలరుకు గాలి కొట్టే బ్లోయరు రయ్యిమని పైకి లేచిందట. తర్వాత పేలుడు. తర్వాత అన్నీ ఆగిపోయాయి, మిల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లోపల్నుంచి పిలిచారు. తలుపు వంగిపోయి ఉంది, కాలుతోంది. లాగాడు, మళ్ళీ లాగాడు. రాలేదు.

“వెంటనే పోయారని అందరూ అనుకుంటున్నారు. కాదక్కా. పిలుపు ఆగేదాకా అక్కడే ఉన్నాను.”

ఆమె అతన్ని దగ్గరికి తీసుకుని కూర్చుంది.

మర్నాడు దుకాణదారుకు ఫోన్ చేసింది. ఫ్యాన్లు జోరు పెరగకుండా, తగ్గకుండా, ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగేలా ఎలా పెట్టాలో అడిగింది. కూలర్ పెద్దది కాబట్టి ఫరవాలేదని అతను దారి చెప్పాడు. వేగం తమ్ముడే ఎంచుకున్నాడు. “ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు.” దూరంగా ఎక్కడో వాన కురుస్తున్నట్టు సన్నటి హోరు గదిలో నిలబడింది. పిలుపులు ఆగలేదు. ఆ హోరు వెనక్కి కాస్త జరిగాయి, అంతే. అక్క పని సాగింది. తమ్ముడు మాత్రం మళ్ళీ మిల్లుకు పోలేదు.

కొన్నాళ్ళకు, పోయినవాళ్ళలో ఒకడి భార్య వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి అడిగింది.

“అన్నయ్యా, మా ఆయన బాధపడకుండానే పోయాడంట కదా?”

అక్క పని ఆపి తలెత్తింది. తమ్ముడు ఆవిడ కళ్ళలోకి చూశాడు.

“అవును చెల్లెమ్మా,” అన్నాడు. “ఏమీ తెలియకుండానే.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించి వెళ్ళిపోయింది. ఆ పూట తమ్ముడు అన్నం ముట్టలేదు. అక్క తినమని అడగలేదు.